నేలకు తగ్గ బండి

రేడియో కంట్రోల్ రేసు బగ్గీ కొనబోయేవాళ్ళ కన్ను ముందుగా పడేది అట్టపెట్టె మీది వేగం మీద. గంటకు 60 కిలోమీటర్లనో, 80 కిలోమీటర్లనో పెద్ద అక్షరాల్లో అచ్చువేసి ఉంటుంది. ఆ అంకె అబద్ధం కాకపోవచ్చు. నున్నటి తారురోడ్డు మీద, నిండా ఛార్జయిన బ్యాటరీతో, చల్లటి పూట ఆ వేగం వచ్చి ఉంటుంది. అదే బండిని రాయలసీమలోని బద్వేలు పక్కన ఏ బీట్లోనో మే నెల ఎండలో వదిలితే అంత వేగం అందుకోదు. అందుకున్నా మలుపు తిరగదు. బగ్గీ పరుగును తేల్చేవి మూడు: కిందున్న నేల, చుట్టూ ఉన్న వేడి, నడిపేవాళ్ళ చెయ్యి. మోటారు బలం వాటి తర్వాతే వస్తుంది. ఈ అధ్యాయం అదే వరుసలో నడుస్తుంది.

సంతలో దొరికే రిమోటు కారుకూ, హాబీ తరగతి బగ్గీకీ తేడా ముందే చెప్పుకోవాలి. బొమ్మకారుకు స్టీరింగంటే కుడి కొస, ఎడమ కొస. నడుమ ఇంకేమీ ఉండదు. బగ్గీలో సర్వో మోటారు ఉంటుంది కాబట్టి రిమోటు మీది చక్రాన్ని మనం ఎంత తిప్పితే ముందు చక్రాలు అంతే తిరుగుతాయి. పైగా విరిగిన ప్రతి భాగమూ విడిగా దొరుకుతుంది. జపాన్ కంపెనీ టమియా 1976లో పోర్షే 934 నమూనాతో ఈ రంగంలోకి దిగింది. అది రోడ్డు బండి. 1979లో రఫ్ రైడర్, శాండ్ స్కార్చర్ అనే బగ్గీలతో అదే కంపెనీ ఆటను మట్టిలోకి తెచ్చింది. 1984లో అమెరికా కంపెనీ అసోసియేటెడ్ తన ఆర్‌సీ10ని పందెం కోసమే తయారుచేసింది. దానికి అల్యూమినియం ఛాసిస్, నూనె నింపిన షాక్ అబ్జార్బర్లు పెట్టింది. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో అసలు కారులో పదో వంతుండే విద్యుత్ బగ్గీలకు తొలి ప్రపంచ పోటీ జరిగితే, రెండు చక్రాల డ్రైవు తరగతిలో గెలిచింది ఆ బండే. నేటి రేసు బగ్గీల్లో చాలావాటికి అదే పెద్ద దిక్కు.

నేలను చదవడం

బద్వేలు సగిలేరు లోయలో ఉంది. పడమట లంకమల, తూర్పున వెలిగొండలు. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన ఈ కొండల్లో ఎక్కువగా కనిపించేవి క్వార్ట్జైటు, పలకరాయి జాతి రాళ్ళు. అవి అరిగి, చితికి, వానలకు లోయలోకి దిగాయి. అందుకే మెరకల మీద పలుగురాళ్ళు కలిసిన ఎర్ర గరుసు, పల్లాల్లో నల్లరేగడి, చెరువుల అడుగున ఒండ్రు కనిపిస్తాయి. బగ్గీకి ఇవి మూడూ మూడు లోకాలు. గరుసులో రాళ్ళు ఎగిరి తగులుతాయి. ఎండిన రేగడి నెర్రెలు విచ్చి చక్రాన్ని పట్టేస్తుంది. వాన పడితే అదే మట్టి ముద్దలై టైర్లకు అంటుకుంటుంది. ఒండ్రు ఎండి గట్టిపడినచోట పట్టు బాగుంటుంది కానీ, నాలుగు రౌండ్లు తిరిగేసరికి పైపొర పిండిలా లేస్తుంది.

చోటును బట్టి పని మొదలుపెట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. బద్వేలుకు ఉత్తరాన ఉన్న పోరుమామిళ్ళ చెరువును విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. 1369 నాటి దాని శాసనంలో మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ వరుసగా ఉన్నాయి. గట్టి నేల ఉందా, దగ్గరలో రాయి దొరికే గని ఉందా, పని తెలిసిన మనుషులున్నారా అన్నవి అంగాల్లో చేరాయి. చవిటి నేల, కట్టలోంచి నీరు ఊరడం, నీటికి మించిన ఆయకట్టు, ఆయకట్టుకు మించిన నీరు దోషాల్లో చేరాయి. కట్ట ఎంత ఎత్తు, ఎంత పొడవు అన్న గొప్పలకంటే ముందు ఆ చోటు దానికి తగునా అని అడిగే పద్ధతి ఇది. బగ్గీకి కూడా ఇలాంటి జాబితా రాసుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

ఆ జాబితాలో మొదటి దోషం ఇక్కడే రాసుకోవాలి. లంకమల అంచున ఉన్న చిట్టడవి బండ్లు తిప్పే చోటు కాదు. ఇక లేదనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్ళీ కనబడింది ఆ పొదల్లోనే. పొదలు పోతే, నేల చెదిరితే దానికి బతుకు లేదు. పంట ఎత్తేసిన సొంత చేనో, యజమాని ఒప్పుకున్న బీడో చాలు.

పదో వంతా, ఎనిమిదో వంతా?

రేసు బగ్గీలు ప్రధానంగా రెండు పరిమాణాల్లో వస్తాయి: అసలు కారులో పదో వంతు, ఎనిమిదో వంతు. పొడవు పదో వంతుకు తగ్గితే వెడల్పూ, ఎత్తూ కూడా అంతే తగ్గుతాయి కాబట్టి ఘనపరిమాణం వెయ్యో వంతు అవుతుంది. 1,500 కిలోల కారు ఈ లెక్కన కిలోన్నర అవుతుంది. పదో వంతు బగ్గీ బరువు నిజంగానే ఆ దరిదాపుల్లో ఉంటుంది. ఎనిమిదో వంతుకు 512తో భాగిస్తే మూడు కిలోలకు కాస్త తక్కువ వస్తుంది. ఎనిమిదో వంతు బగ్గీలు నిజానికి మూడు కిలోలు దాటి తూగుతాయి.

చిన్నదవడంలో ఒక లాభముంది. భాగాల బలం వాటి అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి, అంటే వందో వంతుకే తగ్గుతుంది; బరువు వెయ్యో వంతుకు తగ్గుతుంది. బరువుతో పోల్చి చూస్తే చిన్న బండి పెద్ద బండికంటే పదింతలు గట్టిది. మీటరు ఎత్తునుంచి పడినా బగ్గీ లేచి పరిగెత్తడం, పది మీటర్ల నుంచి పడిన కారు పనికిరాకుండా పోవడం ఇందువల్లే. గెలీలియో 1638లో అచ్చయిన పుస్తకంలో ఎముకల గురించి, దూలాల గురించి వివరించిన సూత్రం ఇదే.

నష్టం వేరేచోట ఉంది. బండి చిన్నదైంది కానీ బద్వేలు రాయి చిన్నది కాలేదు. రెండు సెంటీమీటర్ల పలుగురాయి పదో వంతు బగ్గీకి ఇరవై సెంటీమీటర్ల బండతో సమానం. ఎంత కష్టమో లెక్క వేద్దాం. పదో వంతు బగ్గీ వెనక టైరు వ్యాసార్ధం సుమారు 42 మిల్లీమీటర్లు. నేలలో పాతుకుపోయిన 20 మిల్లీమీటర్ల రాయిని ఆ చక్రం నెమ్మదిగా ఎక్కాలంటే ఇరుసు దగ్గర దాని మీది బరువుకు 1.6 రెట్ల తోపుడు కావాలి. ఎనిమిదో వంతు బగ్గీ టైరు వ్యాసార్ధం సుమారు 56 మిల్లీమీటర్లు, దానికి 1.2 రెట్లు చాలు. పద్నాలుగు మిల్లీమీటర్ల తేడాకే ఇంత ఫలితం. అందువల్ల రాళ్ళు ఏరని నేలలో తిప్పేవాళ్ళకు ఎనిమిదో వంతు బండే నయం. నలుగురు మిత్రులు కలిసి చేనులో ఒక మూల రాళ్ళేరి, చదును చేసి, చిన్న ట్రాక్ వేసుకోగలిగితే పదో వంతు సరిపోతుంది. ఖర్చు తగ్గుతుంది, బండి ఎవరినైనా తాకినా దెబ్బ తక్కువ. ఒకే వేగంలో ఎనిమిదో వంతు బగ్గీ గతిశక్తి పదో వంతు దానికి రెండింతలు పైనే ఉంటుంది.

రెండు చక్రాలా, నాలుగా?

మోటారు బలం వెనక రెండు చక్రాలకే అందితే రెండు చక్రాల డ్రైవు, నాలుగింటికీ అందితే నాలుగు చక్రాల డ్రైవు. ఇక్కడ పనిచేసే సూత్రాన్ని సీమలో తిరునాళ్ళకు వెళ్ళినవాళ్ళంతా చూసే ఉంటారు. బండలాగుడు పందెంలో ఎద్దులకు ఎంత బలమున్నా, గిట్టల కింద నేల జారితే బండ కదలదు. లాగే శక్తికి పైహద్దు కండలో లేదు, నేలకూ గిట్టకూ మధ్య ఉన్న ఘర్షణలో ఉంది. బగ్గీకీ అంతే. దుమ్ము పరుచుకున్న గట్టి నేల మీద ఘర్షణ గుణకం 0.5 అనుకుందాం. బరువులో 60 శాతం వెనక చక్రాల మీద ఉన్న రెండు చక్రాల బండికి దక్కే గరిష్ఠ త్వరణం గురుత్వ త్వరణంలో సుమారు 0.3 వంతు. నాలుగు చక్రాలూ తిరిగితే 0.5 వంతు. పరుగందుకునేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది కాబట్టి నిజంగా తేడా కొంచెం తగ్గుతుంది, కానీ పోదు. అదే మోటారు, అదే బ్యాటరీ. పట్టు మాత్రం వేరు.

మరి రెండు చక్రాల బండి ఎందుకు? అందులో డిఫరెన్షియల్ ఒకటే, షాఫ్టులు తక్కువ, దుమ్ము దూరే చోట్లు తక్కువ, ధర తక్కువ. తప్పును దాచిపెట్టదు కూడా. మలుపులో థ్రాటిల్ గట్టిగా నొక్కితే బండి గిరుక్కున తిరిగిపోతుంది. వేలు మెత్తగా వాడటం వారంలో వచ్చేస్తుంది. చదునైన ట్రాక్ ఉన్నవాళ్ళకు ఇదే మంచి బడి. ఏరని గరుసులో మాత్రం నాలుగు చక్రాల డ్రైవు తప్పదు.

డిఫరెన్షియల్ గురించి ఒక మాట. మలుపులో బయటి చక్రం లోపలి చక్రంకంటే ఎక్కువ దూరం తిరగాలి. ఆ వెసులుబాటు ఇచ్చేది ఇదే. చిక్కేమిటంటే ఒక చక్రం గాలిలోకి లేస్తే బలమంతా దానికే పోయి వృథాగా గిరగిర తిరుగుతుంది. దాన్ని కట్టడి చేయడానికి లోపల చిక్కటి సిలికోన్ నూనె పోస్తారు. ఎనిమిదో వంతు బగ్గీల్లో ముందు 5,000, మధ్యలో 7,000, వెనక 3,000 సెంటీస్టోకుల స్నిగ్ధత ఉన్న నూనె వాడటం పరిపాటి. నీటి స్నిగ్ధత ఒక్క సెంటీస్టోకు మాత్రమే. కొత్తవాళ్ళు కంపెనీ పోసిన నూనెను కొన్నాళ్ళు కదపకుండా ఉంచడం మేలు.

పలుగురాయి దుమ్ము

టైర్లను ఎంచేది నేల పైపొర. దుమ్ము పలచగా, కింద గట్టిగా ఉంటే పొట్టి ముళ్ళు దగ్గరదగ్గరగా ఉన్న టైరు దుమ్మును చీల్చుకుని గట్టి పొరను అందుకుంటుంది. మెత్తటి వదులు మట్టిలో పొడుగు ముళ్ళు దూరదూరంగా ఉన్నవి కావాలి. రబ్బరు ఎంత మెత్తగా ఉంటే అంత పట్టు, అంత త్వరగా అరుగుడు. గరుసు ఆకురాయిలా పనిచేస్తుంది కాబట్టి మధ్యస్థమైన రబ్బరు ఎంచుకోవాలి. సాయంత్రం ట్రాక్ మీద కాసిని నీళ్ళు చల్లితే పట్టు ఇంకా పెరుగుతుంది. మట్టి రేణువుల నడుమ సన్నటి నీటి పొర నిలిచి, తలతన్యతతో వాటిని దగ్గరకు లాగి పట్టుకుంటుంది. నీళ్ళు ఎక్కువైతే ఆ బిగువు పోయి బురదవుతుంది.

టైరుకంటే దుమ్ము ఎక్కువ తినేది బేరింగులను. పలుగురాయి అంటే క్వార్ట్జు. మోస్ కాఠిన్య కొలతలో దానిది 7. మామూలు ఉక్కు అంతకన్నా మెత్తన, అల్యూమినియం మరీ మెత్తన. గ్రీజులో కలిసిన క్వార్ట్జు పొడి బేరింగు లోపల నూరుడు మందులా తిరుగుతుంది. కాబట్టి రేకు మూతలున్నవి కాకుండా రబ్బరు సీలున్న బేరింగులు వచ్చే బండిని చూసుకోండి. గేర్ల మీద పూర్తి మూత ఉండాలి. తిప్పిన తర్వాత గాలి కొట్టి, బ్రష్షుతో దులపాలి. తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము పేస్టులా మారి లోపలికి పోతుంది.

ఇంజను బండ్లకు ఇక్కడే ఇంకో ఇబ్బంది. ఎనిమిదో వంతు నైట్రో బగ్గీల 3.5 సీసీ ఇంజను మెథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ఇంధనంతో నడుస్తుంది. ఎయిర్ ఫిల్టర్‌లో చిన్న సందున్నా ఆ క్వార్ట్జు పొడి నేరుగా సిలిండర్‌ను గీస్తుంది. మండే ద్రవం కాబట్టి ఇంధనం తెప్పించుకోవడమూ తలనొప్పే. ఆ చప్పుడు, ఆ వాసన ఇష్టమున్నవాళ్ళను కాదనలేం. మొదటి బండి మాత్రం విద్యుత్తుదే కావాలి.

ఎండ లెక్క

బ్రష్‌లెస్ మోటారు మీద 3300 కేవీ వంటి అంకె ఉంటుంది. అది కిలోవోల్టు కాదు. ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే లెక్క. రెండు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ 7.4 వోల్టులు ఇస్తుంది కాబట్టి, బరువు లేకుండా 24,420 చుట్లు. గేరు నిష్పత్తి 9 అయితే చక్రానికి సుమారు 2,713 చుట్లు. 85 మిల్లీమీటర్ల వ్యాసమున్న టైరు ఒక చుట్టుకు 267 మిల్లీమీటర్లు పోతుంది. మొత్తం మీద గంటకు 43 కిలోమీటర్లు. అట్టపెట్టె మీది అంకెను ఎవరైనా ఇలా సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు ఎండను కలుపుదాం. మోటారులోని శాశ్వత అయస్కాంతాలు మితిమీరి వేడెక్కితే బలహీనపడతాయి. అవి తిరిగి కోలుకోవు. మోటారు పైభాగం 75 డిగ్రీలు దాటనీయకూడదని నియమం పెట్టుకున్నామనుకోండి. వస్తువు వేడిని వదిలే వేగం, దానికీ చుట్టూ ఉన్న గాలికీ మధ్య ఉష్ణోగ్రత తేడాను బట్టి ఉంటుందని న్యూటన్ చెప్పాడు. గాలి 25 డిగ్రీలుంటే ఆ తేడా 50. బద్వేలు మే మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే తేడా 33. అంటే వేడిని వదిలించుకునే శక్తి మూడో వంతు పడిపోయింది. మోటారు తీగల్లో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి, దాన్ని మూడో వంతు తగ్గించాలంటే కరెంటును సుమారు ఐదో వంతు తగ్గించాలి. అందుకే వేసవిలో మోటారుకున్న పినియన్ గేరును ఒకటి రెండు పళ్ళు తక్కువున్న దానితో మార్చుకోవాలి. పైవేగం కొంచెం తగ్గుతుంది, మోటారు బతుకుతుంది. పినియన్ సులువుగా మార్చుకునే వీలు, మోటారు మీద చిన్న ఫ్యాను ఉన్నాయా అన్నవి కొనేముందు అడగవలసిన ప్రశ్నలు.

బ్యాటరీకి వేడంటే ఇంకా గిట్టదు. లిథియం పాలిమర్ సెల్ నిండా ఛార్జయితే 4.2 వోల్టులు, 3 వోల్టులకన్నా కిందికి దించితే పాడవుతుంది. వాడనప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఎండలో ఆపిన కారులోనో, బైకు డిక్కీలోనో పెడితే ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని మళ్ళీ ఛార్జి చేయడం ప్రమాదం. ప్రతి సెల్‌నూ విడిగా సరిచూసే బ్యాలెన్స్ ఛార్జరు తప్పనిసరి. ఛార్జి చేసేటప్పుడు కింద కడప బండ ఉంటే మంచిది, పక్కన మనిషి ఉండి తీరాలి. షాక్ అబ్జార్బర్లలోని నూనె కూడా వేడికి పలచబడుతుంది. డిసెంబరులో సరిగ్గా దూకిన బండి మేలో నేలకు కొట్టుకుంటుంటే, ఒక మెట్టు చిక్కటి నూనె పోయాలి.

గాలిలో ఉన్నంతసేపు

సెకనుకు 10 మీటర్ల వేగంతో 20 డిగ్రీల వాలు మీదినుంచి లేచిన బగ్గీ సుమారు 0.7 సెకన్లు గాలిలో ఉండి, ఆరున్నర మీటర్ల దూరంలో దిగుతుంది. గాలిలో పట్టుకోవడానికి నేల లేదు. అయినా దాని ముక్కును పైకీ కిందికీ తిప్పవచ్చు. థ్రాటిల్ నొక్కితే చక్రాలు ముందుకు మరింత వేగంగా తిరుగుతాయి. మొత్తం కోణీయ ద్రవ్యవేగం మారకూడదు కాబట్టి బండి శరీరం ఎదురు దిశలో తిరిగి ముక్కు లేస్తుంది. బ్రేకు వేస్తే చక్రాల తిరుగుడు శరీరానికి చేరి ముక్కు దిగుతుంది. ఉపగ్రహాలు అంతరిక్షంలో తమ దిక్కును రియాక్షన్ చక్రాలతో మార్చుకునేది ఈ సూత్రం మీదే. నాలుగు చక్రాల డ్రైవులో నాలుగూ పాల్గొంటాయి కాబట్టి ఈ పట్టు ఎక్కువ. గట్లూ దిబ్బలూ ఉన్న చేను కాబోయే ట్రాక్ అయితే, ఇదీ లెక్కలోకి తీసుకోవలసిందే.

చేతిలోని రేడియో

పాత సెట్లు 27 మెగాహెర్ట్జ్ దగ్గర నడిచేవి. ఆ తరంగదైర్ఘ్యం సుమారు 11 మీటర్లు కాబట్టి పొడుగాటి యాంటెన్నా కావలసి వచ్చేది. పక్కవాడిదీ అదే ఛానల్ అయితే అతని వేలికి మన బండి ఉరికేది. నేటి సెట్లు 2.4 గిగాహెర్ట్జ్‌వి. తరంగదైర్ఘ్యం పన్నెండున్నర సెంటీమీటర్లే. అవి ఒకే పౌనఃపున్యాన్ని పట్టుకుని కూర్చోవు. రిమోటూ, రిసీవరూ ముందే ఒప్పుకున్న క్రమంలో ఛానళ్ళు మారుస్తూ పోతాయి. ఇలాంటి గంతుల పద్ధతికి 1942లో అమెరికాలో పేటెంటు పొందిన ఇద్దరిలో ఒకరు సినిమా నటి హెడీ లమార్, మరొకరు సంగీతకారుడు జార్జ్ ఆంథైల్. మన దేశంలో ఈ బ్యాండులో తక్కువ శక్తి పరికరాలకు 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు.

రేడియోలో చూడవలసినవి రెండు. ఒకటి ఫెయిల్‌సేఫ్: సంకేతం తెగితే బండి తనంతట తాను బ్రేకు వేయాలి. చక్రాలు నేలకు ఆనకుండా బండిని ఎత్తిపెట్టి, రిమోటు ఆపి పరీక్షించవచ్చు. రెండోది థ్రాటిల్ పరిమితి. గంటకు 43 కిలోమీటర్లంటే సెకనుకు 12 మీటర్లు. కన్ను చూసింది వేలికి చేరడానికి పావు సెకను పడితే, ఈలోగా బండి మూడు మీటర్లు పోయింది. థ్రాటిల్‌ను సగానికి కట్టేసి నేర్చుకునేవాడు విడిభాగాల మీద పెట్టే ఖర్చు కూడా తగ్గుతుంది.

చివరికి ఏది కొనాలి?

రాళ్ళేరి చదును చేసిన చోటుంటే పదో వంతు, రెండు చక్రాల డ్రైవు, రెండు సెల్‌ల బ్యాటరీతో నడిచే విద్యుత్ బగ్గీ. చోటు ఉన్నది ఉన్నట్టే వాడుకోవాలంటే ఎనిమిదో వంతు, నాలుగు చక్రాల డ్రైవు విద్యుత్ బగ్గీ. దానికి మాత్రం చూసేవాళ్ళు దూరంగా నిలబడే ఏర్పాటు ఉండాలి. రెండింటిలో ఏది తీసుకున్నా, అనుకున్న మొత్తంలో నాలుగో వంతు ఛార్జరుకు, రెండో బ్యాటరీకి, విడిభాగాలకు పక్కన పెట్టండి.

ఎందుకంటే బగ్గీ విరుగుతుంది. మొదట పోయేది సాధారణంగా ముందు సస్పెన్షన్ ఆర్మ్. గట్టును గుద్దినప్పుడు ఆ ప్లాస్టిక్ ముక్క తాను విరిగి, వెనకున్న ఖరీదైన భాగాలను కాపాడుతుంది. బద్వేల్లో అది అంగట్లో దొరకదు. హైదరాబాదు నుంచో, బెంగళూరు నుంచో, చెన్నై నుంచో కొరియర్లో రావాలి. లిథియం బ్యాటరీలకైతే విమానంలో కఠినమైన నిబంధనలున్నాయి కాబట్టి రోడ్డు మీదే వస్తాయి, ఆలస్యమూ ఎక్కువ. అందువల్ల ఆర్డరు పెట్టేముందు అమ్మేవాళ్ళకు ఒక్క ఫోను చేయండి. వేగం సంగతి అడగొద్దు. ఈ మోడల్‌కు ముందు ఆర్మ్ ఇప్పుడు మీ దగ్గర ఉందా, జత ఎంత అని అడగండి. వెంటనే ధర చెప్పినవాళ్ళ దగ్గర బండితోపాటు రెండు జతల ఆర్మ్‌లు కూడా తీసుకోండి. కనుక్కుని చెబుతామన్నవాళ్ళ బండి ఎంత బాగున్నా వదిలేయండి.